గుర్తు లేని పళ్ళెం

ఇటు జరిగి కూర్చో. ఆ టీ గ్లాసు కింద పెట్టు, చల్లారితే ఇంకోటి పోస్తాను. జిలాలీ బట్టీలో పెట్టి కంప్యూటర్ బాగుచేశాడని నీకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. జిలాలీయే చెప్పి ఉంటాడు, అంతకంటే గతిలేని సాక్షి వాడికి ఇంకెక్కడ దొరుకుతాడు? ఆ మాట మూటగట్టుకుని నువ్వు మెక్నెస్ దాటావంటే అబద్ధాన్ని ఊరు దాటించిన పాపం నాకు చుట్టుకుంటుంది. జరిగింది జరిగినట్టు నా నోట విను.

మా పెద్దవాడు మాతీ పైకప్పులు చెక్కేవాడు. దేవదారు పలక చేతికిస్తే అందులోంచి నక్షత్రాలు రాలేవి. వాడు పోయాక పనిశాల మా చిన్నవాడు థామీ చేతికి వచ్చింది. కన్నకొడుకే, అయినా చెబుతున్నాను, థామీకి దేవదారుకీ పళ్ళపెట్టె చెక్కకీ తేడా వాసన చూస్తే గానీ తెలియదు, వాడికేమో ఏడాది పొడుగునా జలుబు. పనిశాలను నిలబెట్టింది మాతీ కూతురు బహీజా. ఉలి పట్టలేదు గానీ, పైకప్పునంతా ముందుగానే కంప్యూటర్‌లో గీసేది. ఇల్లు కట్టుకునేవాడు కుర్చీలో కూర్చుంటే చాలు, స్క్రీన్ మీద పైకప్పు వాడి తలమీద తిరిగినట్టే తిరిగేది. ఇక్కడ నక్షత్రం పెద్దది చెయ్యి, అక్కడ ఎరుపు తగ్గించు అని అప్పుడే చెప్పేసేవాడు. అంతకుముందు మేకులు కొట్టాక మెడ పైకెత్తి చూసి, నాకిది వద్దు అనేవాళ్ళు.

ఆ యంత్రం దాని తల్లి ఇచ్చిన గాజు అమ్మి కొనుక్కున్నది. బొమ్మలు చాలా బరువైనవట, మామూలు పెట్టె మొయ్యలేదట. అందుకని అందులో గ్రాఫిక్స్ కార్డు అని ఒకటి పెట్టించింది. ఇటుకంత ఉంటుంది, రెండు చిన్న ఫ్యాన్లు, లోపలి బొమ్మలన్నీ అక్కడే పుడతాయి.

అది షాబాన్ నెల. రంజాన్ గుమ్మంలో ఉంది. ఇంకో పక్క రబాత్ నుంచి ఒక పెద్దమనిషి గురువారం వస్తానన్నాడు, కొత్తింటి హాలుకి పైకప్పు చూసుకోవడానికి. అంత పెద్ద పని మాతీ పోయాక మాకు రాలేదు. అది కుదిరితే బహీజా పేరు వడ్రంగుల వీధి దాటి వెళుతుంది.

ఇక మా కోడలు, థామీ పెళ్ళాం లల్లా ఘీతా గురించి చెప్పాలి. షాబాన్ వచ్చిందంటే ఘీతాకి పూనకం వస్తుంది. పరుపులు డాబా మీదకి, తివాచీలు వీధిలోకి, పిల్లి పక్కింట్లోకి. గోడకి ఆనుకున్నదాన్ని జరపకపోతే రంజాన్ ఆ ఇంటి గడప తొక్కదని ఆమె నమ్మకం. ఆ పూట బహీజా దారాల బజారుకి వెళ్ళింది. ఘీతా కంప్యూటర్ తీగలన్నీ పీకి, బల్ల జరిపి, గోడ కడిగి, తీగలన్నీ మళ్ళీ పెట్టేసింది. ఎక్కడ పట్టిందో అక్కడ పెట్టేసింది. బహీజా వచ్చి మీట నొక్కితే స్క్రీన్ నల్లగా ఉంది, సిగ్నల్ లేదని రాత మాత్రం అటూ ఇటూ ఈదుతోంది.

"నేనేం ముట్టుకోలేదు" అంది ఘీతా, ఎవరూ అడగకముందే. "దుమ్ము పట్టి చచ్చి ఉంటుంది. మా తమ్ముణ్ణి పిలుస్తాను. వాడు ఇంజనీరు."

జిలాలీ ఇంజనీరు ఎలా అయ్యాడో చెబుతాను. కాసాబ్లాంకాలో పాత సామాన్ల సంతలో కొన్నాళ్ళు ఎవరి కొట్టుముందో నిలబడ్డాడు. నిలబడ్డాడంతే. తిరిగొచ్చేటప్పుడు చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ గుచ్చుకుని వచ్చాడు. కొందరికి పతకాలు ఎలాగో వీడికి అది అలా. మా వీధి చివర చిన్న కొట్టు తెరిచాడు. అందులోకి వెళ్ళిన రేడియో ఏదీ మళ్ళీ పాడగా నేను వినలేదు.

వచ్చాడు. కుర్చీ వేయించుకున్నాడు. టీ తాగాడు, ఇంకోటి తాగాడు. తర్వాత స్క్రీన్ వంక రోగి వంక చూసినట్టు చూసి, "స్క్రీన్ చచ్చింది" అన్నాడు.

కొట్టు నుంచి ఇంకో స్క్రీన్ తెప్పించుకున్నాడు. పాతదాని కేబుల్ చివర లాగి కొత్తదానికి గుచ్చాడు. అదీ నల్లగానే ఉంది.

"ఇది కూడా చచ్చింది" అన్నాడు.

"నీ కొట్టులోంచి ఇక్కడికొచ్చే లోపలేనా నాయనా?" అన్నాను. "దారిలో ఎండ తగిలిందేమో."

"అత్తయ్యా, మీకివి తెలియవు."

"తెలియదు కాబట్టే అడుగుతున్నాను. తెలిసిన నువ్వెందుకు అడగవు? కడుపునొప్పని వస్తే నిన్నేం తిన్నావని కూడా అడగవా?"

బహీజా మెల్లగా దగ్గరికి వచ్చింది. "జిలాలీ మామయ్యా, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. మొదలైనప్పుడు వచ్చే మోత కూడా వస్తోంది. అంటే లోపల అంతా బతికే ఉంది, బొమ్మ బయటికొచ్చే దారిలోనే ఏదో ఉంది. పొద్దున దాకా బాగానే ఉంది కదా. ఒక్కసారి వెనక్కి తిప్పి చూడనివ్వు."

"కరెంటు వస్తువమ్మా. ఆడపిల్లలు చేతులు పెట్టకూడదు."

దాని గాజు పెట్టి కొన్న పెట్టె, దాని చెయ్యి తగలకూడదట. మా థామీ గోడకి ఆనుకుని నిలబడి తల ఊపాడు. వాడు ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్ళకి తల ఊపుతాడు.

జిలాలీ పెట్టె మూత విప్పాడు. చేతికందిన ముక్కనల్లా పీకి, చొక్కా కొనతో తుడిచి, ఊది, మళ్ళీ పెట్టాడు. మీట నొక్కితే అదే నలుపు. అప్పుడు వెనక్కి వాలి, ఇక చెప్పక తప్పదన్నట్టు నిట్టూర్చాడు.

"గ్రాఫిక్స్ కార్డు పోయింది బావా. లోపల టంకం ఉంటుంది. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, టంకం పగిలిపోతుంది. దానికి మందు ఒక్కటే. బట్టీలో పెట్టాలి. టంకం కరిగి మళ్ళీ అతుక్కుంటుంది. కాసాబ్లాంకాలో కళ్ళారా చూశాను."

"చూసింది నువ్వు సరే, చేసిందెవరు?" అన్నాను.

"చూస్తే వచ్చినట్టే కదా అత్తయ్యా."

"అయితే ఇంతకాలం పెళ్ళిళ్ళు చూస్తున్నావు, నీకింకా పెళ్ళాం రాలేదేం?"

ఘీతా నా వంక కొరకొరా చూసి, తమ్ముడికి ఇంకో టీ పోసింది.

మా వీధిలో ఇంటింటికీ పొయ్యి ఉన్నా రొట్టె మాత్రం బట్టీకే వెళుతుంది. బట్టీ బా అల్లాల్‌ది, వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆ నెలలో రొట్టెలే కాదు, సెల్లో మిఠాయికి వేయించే పిండి, బాదం, అన్నీ పళ్ళేలకి ఎత్తి అక్కడికే పంపిస్తాం. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. మా రొట్టె మీద రెండు వేళ్ళ గుంటలు, మా పళ్ళెం అంచుకి నీలం పేలిక. గుర్తు లేనిది బా అల్లాల్ బట్టీలో పెట్టడు. అతని తండ్రి కాలంలో ఒకరి పండగ పళ్ళెం ఇంకొకరింటికి వెళ్ళి, కుదిరిన పెళ్ళి ఒకటి చెడిందట. అప్పటినుంచి ఆ బట్టీకి అదే చట్టం.

జిలాలీ కార్డుని పెరికాడు. నేను సెల్లో కోసం తీసిపెట్టిన పళ్ళెంలో దాన్ని పడుకోబెట్టాడు. ఘీతా నీలం పేలిక కట్టబోతే చేత్తో తోసేశాడు.

"గుడ్డ ఎందుకక్కా? ఇదేమైనా రొట్టె ముద్దా? ఇది సైన్సు."

"గుర్తు లేకపోతే బా అల్లాల్..."

"బా అల్లాల్‌కి నేను చెప్పుకుంటాలే."

పళ్ళెం భుజం మీద పెట్టుకుని, జేబులో స్క్రూడ్రైవర్ మెరుస్తుండగా వెళ్ళాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడైనా బట్టీకి రొట్టె మోయని భుజం అది. ఆ మాట గుర్తుపెట్టుకో, ముందు ముందు పనికొస్తుంది.

వాడటు వెళ్ళగానే బహీజా పెట్టె ముందు కూలబడింది. కార్డు లేక ఖాళీగా ఉన్న గూడు వంక కాసేపు చూసి, ఏం తోచిందో, ఊరికే మీట నొక్కింది. స్క్రీన్ వెలిగింది. రంగులన్నీ వచ్చాయి.

"చూశారా," అంది ఘీతా. "మా తమ్ముడు చెడ్డ ముక్క తీసేశాడు, బాగైపోయింది."

బహీజా పెట్టెని వెనక్కి తిప్పింది. నన్ను దగ్గరికి పిలిచి వేలుపెట్టి చూపించింది. స్క్రీన్ కేబుల్ పట్టే చోట్లు రెండున్నాయి, అచ్చం ఒకేలా. పైది పెట్టె సొంతం, కిందది కార్డుది.

"నానమ్మా, కేబుల్ ఎప్పుడూ కింద దాన్లోనే ఉంటుంది. ఇప్పుడు పై దాన్లో ఉంది. మా పెట్టెలో కార్డు ఉన్నంతసేపు పైది పనిచెయ్యదు. కార్డు తీసేశారు, ఇది లేచింది."

నాకు ఇట్టే అర్థమైంది. పెద్దకోడలు వంటింట్లో ఉన్నంతసేపు చిన్నకోడలు ముసుగుతన్ని పడుకుంటుంది. పెద్దది పుట్టింటికి వెళ్ళిందా, చచ్చినట్టు లేచి పొయ్యి వెలిగిస్తుంది. అంతే కదా విషయం. గోడ కడిగిన మహాతల్లి చేతికందిన కన్నంలో తీగ గుచ్చేసింది. ఇంజనీరుగారేమో స్క్రీన్ మార్చి, కడుపంతా కెలికి, తీగే లేని కార్డుని పీకుతున్నానేమిటని కూడా అనుకోకుండా పీకి పట్టుకుపోయాడు.

"కార్డుకి ఏమీ కాలేదు నానమ్మా," అంది. "అక్కడ కాల్చేస్తున్నారు. అది లేకపోతే ఆ పైకప్పు ఇందులో తిరగదు. గురువారం..."

జెల్లాబా అంగీ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళానో లేదో, జిలాలీ ఎదురొచ్చాడు. కాఫీ కొట్టులో కబుర్లు చెప్పి, బట్టీకి వెళ్ళి పళ్ళెం తీసుకుని వస్తున్నాడు. కార్డు వెచ్చగా ఉంది. "అయిపోయింది," అన్నాడు, కొడుకు పుట్టాడన్నట్టు.

కార్డు గూట్లో పెట్టారు. బహీజా ఎవరితోనూ ఏమీ అనకుండా కేబుల్ తీసి కింద గుచ్చింది. మీట నొక్కింది. స్క్రీన్ వెలిగింది, పైకప్పు కూడా తిరిగింది. ఘీతా డాబా దాకా వినిపించేలా యూయూ అని పెళ్ళిలో పెట్టే సంబరపు కేక పెట్టింది. పక్కిళ్ళవాళ్ళు వచ్చారు.

"మామయ్యా, కేబుల్ వేరే చోట ఉంది, అంతే," అంది బహీజా.

"సరేలే తల్లీ," అన్నాడు జిలాలీ జనంవైపు తిరిగి. "కాల్చక ముందు చెప్పి ఉంటే నీ మాటే నిజమయ్యేది."

నవ్వారందరూ. నవ్వడానికి ఏముందో వాళ్ళకే తెలియాలి. మా థామీ ఛాతీ విరుచుకున్నాడు. "నేను నిశ్చయించుకున్నాను. మందు తెలిసినవాడి దగ్గరే రోగి ఉండాలి. రేపు పొద్దున యంత్రం జిలాలీ కొట్టుకి పోతుంది. రబాత్ ఆయన కూడా అక్కడికే వస్తాడు. బహీజా, నువ్వు కాగితం మీద గీసి పంపు, జిలాలీ అందులోకి ఎక్కిస్తాడు."

"బాబాయ్, అది మా అమ్మ గాజు."

"గాజు నీదే. ఎవరు కాదన్నారు? యంత్రం మాత్రం అక్కడ ఉంటుంది."

బహీజా ఏడవలేదు. అందరూ వెళ్ళాక కార్డు దగ్గరికి ముక్కు తీసుకెళ్ళి వాసన చూసింది. "నానమ్మా, దీనికి కాలిన వాసన లేదు. పిండి వాసన వస్తోంది," అంది.

మర్నాడు పొద్దున్నే రొట్టె నేనే మోసుకెళ్ళాను. మోకాళ్ళు మొత్తుకున్నాయి, వినలేదు. బా అల్లాల్ బట్టీ నోటికి రెండు పక్కలా రెండు బల్లలుంటాయి. కుడిది నిప్పుకి వెళ్ళాల్సినవాటికి, ఎడమది నిప్పులోంచి వచ్చినవాటికి. మా వీధిలో పాలు మరిచిన పిల్లకి కూడా ఇది తెలుసు.

"తామూ అమ్మా," అన్నాడు బా అల్లాల్, "నిన్న మీ కోడలి తమ్ముడు వచ్చాడు. సలాం లేదు, దువా లేదు. పళ్ళెం ఒకటి కుడి బల్ల మీద పడేసి, దీన్ని కాసేపు పెట్టు అని వెళ్ళిపోయాడు. గుర్తు లేదు. ఎవరిదో తేలేదాకా పక్కన పెట్టాను. తర్వాత వచ్చి కుడి బల్ల మీదనుంచే ఎత్తుకుపోయాడు. కాలనిదాన్ని తీసుకెళుతున్నాడేంటా అనుకున్నాను."

"మరి వెచ్చగా ఉందే?"

"బట్టీ పక్కన కూర్చుంటే నువ్వు మాత్రం వెచ్చబడవా?"

నేను ఇంటికి వచ్చేసరికి జిలాలీ తోపుడుబండి తెచ్చి గుమ్మం ముందు పెట్టాడు. పక్కిళ్ళవాళ్ళు మళ్ళీ మూగారు, ఊరికే వచ్చే వేడుక ఎవరు వదులుకుంటారు? బహీజా పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. నేను రొట్టె బుట్ట దించి, బా అల్లాల్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. కుడి బల్ల మాట రాగానే ఆడవాళ్ళందరూ తలగుడ్డల కొసలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ముసలాయనకి మతిమరుపు," అన్నాడు జిలాలీ.

"మతిమరుపా? మా పెళ్ళినాడు మా ఇంటి నుంచి ఎన్ని పళ్ళేలు వచ్చాయో ఇప్పటికీ చెబుతాడు" అన్నాను.

బహీజా కేబుల్ తీసి పైకి గుచ్చింది. స్క్రీన్ నల్లబడింది. కిందకి మార్చింది. వెలిగింది. మళ్ళీ పైకి, మళ్ళీ నలుపు. థామీ వైపు తిరిగింది. "ఇంతే బాబాయ్. నిన్న జరిగిందంతా ఇంతే."

థామీ గడ్డం గోక్కున్నాడు. జిలాలీ వాడి వంక చూశాడు, జనం వంక చూశాడు. "కాల్చాను కాబట్టే కింది కన్నం పనిచేస్తోంది," అన్నాడు.

ఖాళీ పీపాకి మోత ఎక్కువ. దాన్ని ఆపాలంటే బోర్లించడమే దారి.

"అయితే గొడవేముంది," అన్నాను. "నీ కొట్టు కంప్యూటర్లో కూడా కార్డు ఉంది కదా. తీసుకురా. ఈసారి నీలం పేలిక నేను కడతాను. అందరి ముందూ కాల్పిద్దాం."

"నాది బాగానే ఉంది కదా అత్తయ్యా."

"బాగున్నదానికి భయమేం నాయనా? చచ్చినదాన్నే లేపే వేడి, బతికినదాన్ని చంపుతుందా?"

"వద్దు మామయ్యా," అంది బహీజా. దానికి వాడి మీద కూడా జాలే. "పాడైపోతుంది. నిజంగా చెబుతున్నాను, వద్దు."

అదొక్కటి అనకపోయి ఉంటే వాడు ఏ తలనొప్పో వచ్చిందని తప్పుకునేవాడేమో. ఆడపిల్ల వద్దన్నాక వీధి మధ్యలో నిలబడి ఎలా ఆగుతాడు? పైగా మా థామీ వెనకనుంచి, "చేసి చూపించు జిలాలీ, ఈ గొడవ తెమిలిపోతుంది" అన్నాడు. వెళ్ళి తెచ్చాడు. నేను పేలిక కట్టాను, రెండు ముళ్ళు వేసి మరీ.

బా అల్లాల్ వీధి రొట్టెలన్నీ దిగేదాకా ఆగాడు. పేలిక చూశాడు, తల ఊపాడు, పొడవాటి చెక్క తెడ్డు మీద పళ్ళెం పెట్టి లోపలికి తోశాడు. ముందు ఏమీ కాలేదు. జిలాలీ అటూ ఇటూ చూసి నవ్వాడు కూడా. తర్వాత బఠాణీలు పేలినట్టు చిటపటమంది. నల్లటి పొగ కమ్మరి కొట్టులోంచి వచ్చినట్టు వచ్చింది, చెప్పుల తోలూ జుట్టూ కలిపి కాలిస్తే వచ్చే కంపు. అందరం వీధిలోకి పరుగెత్తాం. బా అల్లాల్ పళ్ళెం బయటికి లాగి ఎడమ బల్ల మీద, అవును, ఎడమ బల్ల మీద పెట్టాడు. ఫ్యాన్ల రెక్కలు ఉడికిన తోటకూరలా వాలిపోయి ఉన్నాయి. మీద బుడిపెలు పగిలి, మధ్యలో బొబ్బలేసి, ఆ కార్డు మూరెడు దూరంలోంచి చూసినా శవమే.

"అతుక్కుందా టంకం?" అని అడిగింది పక్కింటి లల్లా రహమా, పళ్ళెం మీదకి వంగి.

"బట్టీ మంచిది కాదు," అంది ఘీతా.

"కట్టెలు పచ్చివి," అన్నాడు జిలాలీ.

మా థామీ గొంతు సవరించుకున్నాడు. "మొదటినుంచీ నేను కేబుల్ అనే అంటున్నాను" అన్నాడు. కన్నకొడుకు, ఏం చెయ్యను? నవ్వాను.

బా అల్లాల్ నవ్వలేదు. ఆ కంపుతో సాయంత్రం రొట్టె ఎలా పెట్టాలి? బట్టీ చల్లార్చి, జిలాలీ చేతికి బ్రష్ ఇచ్చి, లోపలికి దూరమన్నాడు. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడ్డారు, కాబట్టి దూరాడు. ఘీతా ఇంటికి పరుగెత్తి తన షాబాన్ సబ్బూ పీచూ తెచ్చిచ్చింది. గోడలు కడగడం వాళ్ళింట్లో అందరికీ వచ్చినట్టే ఉంది. బట్టీ నోట్లోంచి వాడి కాళ్ళు రెండే కనిపించాయి. స్క్రూడ్రైవర్ కింద పడి ఉంటే దాంతోనే ఎవరో నేలకి అంటుకున్న నల్ల ముద్ద గీకారు. పాపం, ఆ స్క్రూడ్రైవర్ పనికొచ్చింది ఆ ఒక్కసారే.

తోపుడుబండి ఖాళీగా తిరిగి వెళ్ళింది. యంత్రం బహీజా బల్ల మీదే ఉంది. గురువారం రబాత్ పెద్దమనిషి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, పైకప్పు తిరిగింది, మాతీ చేతి నక్షత్రాలు ఒక్కొక్కటీ ఆయన నెత్తిమీదకి వచ్చి నిలిచాయి. రెండు చోట్ల ఎరుపు తగ్గించమన్నాడు, బహీజా అక్కడికక్కడే తగ్గించింది. అక్కడే పని ఒప్పుకున్నాడు. థామీ, "మా అమ్మాయే" అన్నాడు. అవును మరి, ఇప్పుడు వాళ్ళ అమ్మాయే.

కేబుల్ ఎక్కడ ఉండాలో ఆ కన్నం పక్కన బహీజా ఎర్రదారం అంటించింది. ఇప్పటికీ ఉంది, కావాలంటే వెళ్ళి చూడు. ఘీతా కూడా గోడ కడిగేటప్పుడు ఆ బల్ల చుట్టూ తిరిగి వెళుతుంది.

జిలాలీ మాత్రం ఆ కొట్టు మూసి కొత్త పేటలో తెరిచాడు. అక్కడివాళ్ళకి కుడి బల్లా ఎడమ బల్లా తెలియవు. తాను కార్డుని కాల్చి బతికించానని కాఫీ కొట్లలో చెబుతున్నాడట, విని ఎవరో పెనం మీద ఫోను కూడా పెట్టారట. అందుకే నిన్ను కూర్చోబెట్టి ఇంత చెప్పాను. ఎక్కడైనా ఎవడైనా, మెక్నెస్‌లో ఒకడు బట్టీలో పెట్టి కంప్యూటర్ బాగుచేశాడు అన్నాడనుకో, వాణ్ణి ఆపు. అది బట్టీ మొహమే చూడలేదు, కుడి బల్ల మీద కూర్చుని వెచ్చబడి ఇంటికి వచ్చింది, దాన్ని వెలిగించింది మాతీ కూతురు బహీజా అని చెప్పు. దాని పేరు పలకడం మరిచిపోకు. నేను పోయాక ఈ మాట చెప్పేవాళ్ళు ఉండాలి కదా. ఏదీ, ఒకసారి నాకే తిప్పి చెప్పు, వింటాను. ఈలోగా టీ పోస్తాను.